నెత్తిన మోపు, నోటికి తాళం

అడవికి నిప్పంటుకుంటే ఎలా ఆర్పాలో మాకు నేర్పించారు. గాలి ఎటు తిరిగితే ఎటు పరుగెత్తాలో నేర్పించారు. పొగలో చిక్కుకుంటే నేలకు ముక్కు ఆనించి ఎలా ఊపిరి తీసుకోవాలో కూడా నేర్పించారు. కానీ ఊరు ఊరంతా మనల్ని చూడగానే మాట ఆపేసి, తల వంచుకుని, మన కిటికీ కింద ఏదో పెట్టి వెళ్ళిపోతుంటే ఏం చేయాలో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదండీ. ఆ పాఠం నేనే కోరి తెచ్చుకున్నాను. ఊరికే కాదు, ఎండలో నెత్తిన మోసుకుని మరీ తెచ్చుకున్నాను. ఇది చదివి మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. కాకపోతే మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చదవకండి. చదివాక కిటికీ వైపు చూడబుద్ధి కాకపోతే ఆ పూచీ నాది కాదు.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు ఎస్తేరు. మాది కిరండూల్, ఆంధ్రా దాటాక వచ్చే ఇనుపగనుల ఊరు. మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా వచ్చి, ఇనుపరాయి మోసే గూడ్సు బండ్ల కోసం ఆ పట్టాల వెంట జీవితమంతా నడిచాడు. నేను ఇంటర్ అయ్యాక చేసిన ఉద్యోగ ప్రయత్నాలు చెప్పుకోదగ్గవి కావు. ఇంతలో నాన్న రిటైర్మెంటు దగ్గర పడింది. ఆయన దిగిపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఖాళీ చేసి ఎక్కడికెళ్ళాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అందరూ టీవీ సౌండు పెంచేవారు.

అలాంటి రోజుల్లో తెలిసింది, పని లేని పిల్లలకు అడవి పని నేర్పే శిక్షణ ఒకటి ఉందని. మద్దేడ్ దాటాక రోడ్డు వదిలి లోపలికెళితే క్యాంపు. తిండి, పడక వాళ్ళవే. మంటలు ఆర్పడం, మొక్కలు పెంచడం, జంతువుల అడుగులు గుర్తుపట్టడం నేర్పుతారు. చివర్లో బాగా చేసిన ఒకరిని అక్కడే నిలబెట్టుకుని, జీతమిచ్చి, ఉండటానికి రెండు గదుల ఇల్లు ఇచ్చి, తర్వాత వచ్చే పిల్లలకు నేర్పమంటారు. రెండు గదుల ఇల్లు అన్న మాట వినగానే నాకు అడవి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అమ్మతో అన్నాను, "ఆ ఇల్లు మనదేనే అమ్మా, సామాను సర్దుకో." అమ్మ నిజంగానే సర్దడం మొదలుపెట్టింది. అదీ అసలు చిక్కు.

క్యాంపులో మాకు నేర్పే పెద్దాయన్ని అందరూ ఉస్తాద్ గారనేవారు. బచేలీ మనిషి, ఆంధ్రా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఫారెస్టులో పనిచేసి దిగిపోయారు. నాతోపాటు నేర్చుకునేవాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు. నా పక్క మంచం గొల్లపల్లి నుంచి వచ్చిన దొర్ల తెగ పిల్ల కన్నమ్మది. ఇంట్లో దొర్లి, బజారులో హిందీ, నాతో తెలుగు, కోపం వస్తే గోండీ మాట్లాడేది. నేను నోరు జారినప్పుడల్లా వెనక నుంచి నా చున్నీ లాగి ఆపడం ఆమె పని. ఆ పని ఆమె ఎంత బాగా చేసేదో ఆమె లేనప్పుడు తెలిసింది. వాళ్ళ అమ్మమ్మకు బాగాలేదని కబురొస్తే కన్నమ్మ గొల్లపల్లి వెళ్ళింది. సరిగ్గా ఆ వారంలోనే ఉస్తాద్ గారు ఫైర్ లైన్ల పని మొదలుపెట్టారు.

ఫైర్ లైన్ అంటే ఏమీ లేదండీ, అడవిలో పొడవుగా ఒక బాటలాగా నేల కనబడేదాకా ఆకులూ పుల్లలూ ఊడ్చేయడమే. మంట అక్కడిదాకా వచ్చి తినడానికి ఏమీ దొరక్క చచ్చిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అప్పజెప్పి, ఉస్తాద్ గారు అరిచి చెప్పారు. "ఇప్పపూలు రాలే రోజులు! పూలు ఏరుకోడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఆ నిప్పు చెప్పి రాదు. ఎండింది ఏది కనబడ్డా సాఫ్ చేసెయ్యండి. ఎవరి ముక్కలోనైనా ఎండుపుల్ల కనబడిందో, వాళ్ళ పని ఖతం!"

నాకు వచ్చిన ముక్కలో ఎండుపుల్ల కాదు, ఎండుకొమ్మల కొండే ఉంది.

ఊరికి వెళ్ళే కాలిబాట మా లైనును దాటే చోట, ఒక పెద్ద మద్దిచెట్టు పక్కన, నా తలకంటే ఎత్తుగా కొమ్మల కుప్ప. కిందివి మట్టిలా పొడైపోయాయి. వాటిమీద పుల్లలు, వాటిమీద ఎండుకొమ్మలు. అన్నిటికంటే పైన ఒక పచ్చి రెమ్మ, ఆకులు ఇంకా వాడలేదు. దాన్ని చూసి ఏ బుద్ధిమంతురాలైనా ఏమనుకోవాలి? ఎండిన కుప్ప మీద పచ్చి రెమ్మ ఎందుకుందని ఆలోచించాలి. నేనేమనుకున్నానో తెలుసా? ఎవరో బద్ధకస్తులు అడవంతా ఊడ్చి నా ముక్కలో పోశారనుకున్నాను.

నాకు సాయం వచ్చినవాడు దంతెవాడ వైపు కుర్రాడు బుధ్‌రామ్. కుప్పను చూడగానే చేతిలో పార దించేశాడు.

"దీదీ, ఇది వదిలెయ్."

"ఏటి వదిలేసేది? ఇంత ఎండుకట్టె లైను మీద పెట్టుకుని వదిలేస్తే ఉస్తాద్ గారు నన్ను వదిలేస్తారు."

"రెహ్నే దో, దీదీ. ముట్టుకోవద్దు."

"ఎందుకు?"

వాడు కుప్పను చూశాడు. తర్వాత నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి చూశాడు. గొంతు తగ్గించి, "మధ్యాహ్నం పూట చెప్పకూడదు" అన్నాడు.

"బాగుంది! మధ్యాహ్నం చెప్పకూడదు, పొద్దున్న చెయ్యకూడదు, సాయంత్రం మాత్రం టీ తాగాలి. ఇదేనా నీ డ్యూటీ?"

వాడు పార భుజాన వేసుకుని లైను అవతలి కొసకు వెళ్ళిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. కన్నమ్మ ఉంటే ఆ సమయానికి నా చున్నీ చిరిగిపోయేదాకా లాగి ఉండేది.

ఇక్కడ మా రైల్వే కాలనీ బుద్ధి ఒకటి చెప్పాలి. మా కాలనీలో చెట్టు మీంచి ఎండుకొమ్మ విరిగితే, అది నేలకు తాకకముందే ఎవరో ఒకరు అందుకుని పొయ్యిలో పెట్టేస్తారు. కట్టెపుల్ల పారేయడమంటే మాకు అన్నం పారేసినంత పాపం. అందుకని కుప్పను పక్కకు ఈడ్చేస్తే సరిపోయే పనికి, నేను దాన్ని మోపులు కట్టి క్యాంపుకు మోసుకెళ్ళాలని నిర్ణయించుకున్నాను. వంటకు పనికొస్తాయి, ఉస్తాద్ గారు మెచ్చుకుంటారు, ఇల్లు నాకే వస్తుంది. ఇంత దూరం ఆలోచించాను, చూడండి.

మొదటి మోపు ఎత్తగానే చుట్టూ ఉన్న కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను వాటికి థాంక్స్ చెప్పాను, తలనొప్పి తగ్గిందని. నడుస్తుంటే మోపు బరువెక్కుతూ వచ్చింది. ఎత్తినప్పుడు తేలికే, క్యాంపు దగ్గరపడేసరికి మెడ విరిగిపోయేంత. ఎండిన కట్టె దారిలో ఎలా బరువెక్కుతుందని ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు మాత్రం ఎండదెబ్బ అనుకుని ఒక గ్లాసు నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాను. కుప్ప మొత్తం అలాగే తెచ్చి, ఆడపిల్లలుండే రేకుల షెడ్డు వెనక, సరిగ్గా నా మంచం పక్క కిటికీ కింద పేర్చాను. దాని పక్కనుంచే ఊరివాళ్ళు బోరింగుకు నడిచే దారి.

వంట చేసే అక్క బయటికొచ్చి చూసింది. "ఎక్కడివి?" అని అడిగింది. చెప్పాను. ఆమె లోపలికెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. ఆ రోజు నుంచి పప్పులోకి ఉప్పు సరిపోయిందా అని అందర్నీ అడిగేది గానీ నన్ను అడగలేదు. నా కట్టెల్లో ఒక్క పుల్ల కూడా పొయ్యిలో పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న లేచి కిటికీలోంచి చూస్తే, కుప్ప మీద ఒక పచ్చి రెమ్మ ఉంది.

నాకెంత సంతోషమో! నా కష్టం చూసి ఎవరో సాయం చేస్తున్నారనుకున్నాను. సాయంత్రానికి ఇంకో రెండు మూడు పడ్డాయి. ఆ తర్వాత రోజు ఇంకొన్ని. ఎవరు వేస్తున్నారో చూద్దామంటే ఒక్కరూ దొరకరు. అన్నం తిని వచ్చేసరికి ఒక కొమ్మ, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఇంకోటి. మెల్లగా కుప్ప కిటికీ సగం దాకా ఎదిగింది. మధ్యాహ్నం మిగతా కిటికీల్లోంచి ఎండ పడుతుంటే షెడ్డులో నా మంచం ఒక్కటే నీడలో ఉండేది. మొదట్లో చల్లగా ఉందని మురిసిపోయాను.

తర్వాత గమనించడం మొదలుపెట్టాను. బోరింగుకు వచ్చే ఆడవాళ్ళు దూరం నుంచి కబుర్లాడుకుంటూ వచ్చేవారు. షెడ్డు దగ్గరకు రాగానే మాట తెగిపోయేది. బిందెలు మోగకుండా చంకలో అదిమిపట్టుకునేవారు. నేను ఎదురెళ్ళి "ఏటమ్మా, బాగున్నారా?" అంటే, నా ముఖం వైపు కాదు, నా భుజం పక్కన ఖాళీగా ఉన్నచోటుకి చూసి తల ఊపేవారు. నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. క్యాంపు కుక్క నా కాళ్ళ దగ్గరే పడుకునేది, అదీ రావడం మానేసింది.

ఒక మధ్యాహ్నం గాలి అనేది లేదు. ఆకు కదలడం లేదు. నేను మంచం మీద పడుకుని ఉంటే కిటికీ అవతల ఎండాకుల మీద అడుగుల చప్పుడైంది. వచ్చి ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే చువ్వల మధ్యనుంచి ఒక ముసలి చెయ్యి కనబడింది. కొమ్మ ఒకటి మెల్లగా కుప్ప మీద పెట్టింది. తర్వాత ఒక గొంతు, చుట్టాన్ని పలకరించినంత మామూలుగా, "ఈడనే ఉండు, మా ఎంబడి రాకు" అంది.

ఈడనే అంటే ఎక్కడండీ? నా తలగడకు జానెడు దూరంలో!

నేను దేవుణ్ణి నమ్మినదాన్ని, దయ్యాలంటే భయం లేనిదాన్నని క్యాంపులో అందరికీ చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం తలగడ కింద బైబిలు పెట్టుకుని, దుప్పటి ముసుగేసుకుని, సండే స్కూల్లో నేర్చుకున్న పాటలన్నీ వరసగా పాడాను. చెమటతో దుప్పటి తడిసిపోయింది. పాట ఆపితే అవతల ఎవరో వింటున్నట్టు ఉండేది, అందుకని ఆపలేకపోయాను.

సాయంత్రం బుధ్‌రామ్‌ని టీ దగ్గర పట్టుకున్నాను. "ఒరే, ఇప్పుడు మధ్యాహ్నం కాదు. చెప్పు. ఆ కొమ్మలు ఎందుకేస్తారు?"

వాడు గ్లాసు దించి అన్నాడు, "మనిషిని పులి పట్టిన చోట వేస్తారు, దీదీ."

అంతే చెప్పాడు. అంతకంటే చెప్పి ఉంటే బాగుండేది. ఎందుకంటే మిగిలినది నేనే కలుపుకున్నాను. పులి పట్టిన చోట కొమ్మలు వేస్తారు. ఊరంతా నా కిటికీ కింద వేస్తున్నారు. నా కిటికీ దగ్గర పులి ఇంకా ఎవరినీ పట్టలేదు. అంటే పట్టబోతోంది. ఎవరిని? ఆ మంచం నాదే కదా! ఈ ఊరివాళ్ళు ఎంత ముందుచూపు ఉన్నవాళ్ళంటే, నేను బతికుండగానే నాకు జరగాల్సినవి జరిపించేస్తున్నారు.

ఆ రోజు నుంచి నేను బాత్రూముకు వెళ్ళాలంటే షెడ్డులో పిల్లలందర్నీ లేపేదాన్ని. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో నేను. పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళేవారు. లైను మీద పని చేస్తుంటే ప్రతి పొదా చారలు చారలుగా కనబడేది. జంతువుల అడుగులు గుర్తుపట్టే పాఠంలో ప్రతి అడుగూ పులిదేనని చెప్పాను. అందులో ఒకటి ఉస్తాద్ గారి బూటుది.

చివరికి ఆయన నన్ను పక్కకు పిలిచారు. "ఎస్తేరూ, నీ పని బాగానే ఉంది. కానీ నీ ముక్క మీదుగా ఎవరూ నడవడం లేదు. ఊరి పిల్లలు నీ వెనక పనికి రామంటున్నారు. ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు సార్. ఎండింది సాఫ్ చేశాను, మీరు చెప్పినట్టే."

"ఇక్కడ నిలబెట్టుకునే మనిషిని నేనొక్కణ్ణే ఎంచను. ఊళ్ళో పెద్దలు సరే అనాలి. నిప్పు వచ్చిన రోజు నువ్వు పిలిస్తే ఊరు కదలాలి. నిన్ను చూస్తే దారి మార్చుకునే ఊరితో నువ్వేం పని చేయిస్తావ్? వచ్చే వారం వాళ్ళు మాట చెబుతారు. ఈలోగా సరిచేసుకో. లేదంటే సామాను సర్దుకో."

సామాను అనగానే కిరండూల్లో అమ్మ గుర్తొచ్చింది. ఆమె అప్పటికే సర్దేసి, గిన్నెలు గోనెసంచిలో కట్టి, ఎప్పుడు రమ్మంటావని ఫోన్లు చేస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. పులి తింటుందన్న భయం ఒక పక్క, పులి తినకపోతే అమ్మకు ఏం చెప్పాలన్న భయం ఇంకో పక్క.

ఆ మర్నాడే కన్నమ్మ తిరిగొచ్చింది. సంచి దింపకుండానే కిటికీ వైపు చూసి నిలబడిపోయింది.

"ఏందిది? గీ కుప్ప ఈడికెట్లొచ్చింది?"

"నానే తెచ్చాను. లైను మీద ఉంటే—"

"నువ్వు తెచ్చినవా? నెత్తిమీద వెట్టుకొని?"

"మరి సంకలో ఎట్టుకుంటానేటి?"

కన్నమ్మ సంచి వదిలేసింది. అందులోంచి మామిడికాయలు దొర్లుకుంటూ పోయినా చూడలేదు. "ఓ ఎస్తేరూ! గది కట్టెలు కాదే. గాయన!"

"ఏ ఆయన?"

చేతులు పట్టుకుని నన్ను కుప్పకు దూరంగా లాక్కెళ్ళి చెప్పింది. ఎప్పుడో ముసలివాళ్ళ చిన్నతనంలో, ఇప్పపూలు ఏరడానికి వెళ్ళిన మాసా అనే మనిషిని ఆ మద్దిచెట్టు దగ్గర పులి ఎత్తుకుపోయింది. పాతిపెట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. సమాధి లేనివాడు ఒకచోట ఎలా ఉంటాడు? అందుకని ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ ఒక కొమ్మ వేసి, ఇక్కడే ఉండమని చెప్పి వెళతారు. వేయకుండా పోతే వెనకే నడిచి ఇంటిదాకా వస్తాడు. కుప్ప ఎక్కడుంటే ఆయన అక్కడ.

"మరి ఊరోళ్ళు నా కిటికీ కింద ఎందుకేత్తన్నారే?"

"ఆయన ఈడున్నడు గద, ఈడనే ఏస్తరు. ఆడ ఉత్త నేలకు ఏస్తరా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నన్ను పులి పట్టదా?"

"నిన్నెందుకు పడతది?"

"అమ్మయ్య!" అని గుండెల మీద చెయ్యేసుకున్నాను. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఒలే కన్నమ్మా... అయితే ఇన్నాళ్ళూ నా మంచం పక్కన..."

"ఊఁ" అంది కన్నమ్మ. "నువ్వు తెచ్చుకుంటివి, వచ్చిండు."

"మరి నాకు ఒక్కరైనా సెప్పొచ్చు కదే!"

"ఏమని చెప్తరు? రైలు ఊరి పిల్ల, చదువుకున్నది, ఏదో మంత్రం ఎరిగే తెచ్చుకున్నదనుకున్నరు. నీ పాటలు గూడ విన్నరంట, ఆయనకు జోల పాడుతున్నవని!"

ఆ సాయంత్రమే కన్నమ్మ నన్ను ఊరి పూజారి తాత దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన గొంతు వినగానే గుర్తుపట్టాను, కిటికీ అవతలి గొంతు అదే. తాత కోప్పడలేదు. నా నెత్తి వైపు చూసి అన్నాడు, "తెచ్చినోళ్ళే తీస్కపోవాలె, బిడ్డా. నెత్తిన తెచ్చినవు, నెత్తిననే. నువ్వు తెచ్చినయి, ఈడ పడ్డయి, అన్నీ. మోపు నెత్తికెత్తినంక దించేదాక మాట్లాడొద్దు. ఎనకకు సూడొద్దు. ఒంటి మీద ఇనుము ఉండొద్దు."

"మాటాడితే ఏటవుతాది తాతా?"

"నీతోనే ఉండిపోతడు."

నన్ను ఎరిగినవాళ్ళెవరైనా చెబుతారు, వెనక్కి చూడకుండా నేను కిరండూల్ దాకా నడవగలను గానీ నోరు మూసుకుని బోరింగు దాకా నడవలేనని.

మర్నాడు పొద్దున్న మొదలుపెట్టాను. పొగ కనబడితే ఊదమని ఉస్తాద్ గారు మా అందరి మెడల్లో వేసిన విజిల్ ఇనుపది కాబట్టి తీసి మంచం మీద పెట్టాను. చెవుల రింగులూ పిన్నులూ తీసేశాను. కన్నమ్మ, మిగిలిన పిల్లలు, ఊరివాళ్ళు అంతా ముందే వెళ్ళి మద్దిచెట్టు దగ్గర బాట మీద నిలబడ్డారు. నా వెనక ఎవరూ ఉండకూడదని తాత చెప్పాడు. ఒక్కో మోపూ ఎత్తుకుని పెదవులు బిగించి నడిచాను. తెచ్చినప్పుడు బరువెక్కిన కట్టెలు ఇప్పుడు తేలికైపోతూ వచ్చాయి. అది బాగానే ఉంది. బాగాలేనిదేమిటంటే, నా అడుగుల వెనక ఇంకో అడుగుల చప్పుడు. నేను నడిస్తే నడుస్తోంది. ఆగితే ఒక్క అడుగు ఆలస్యంగా ఆగుతోంది. ఎండాకులు అబద్ధం చెప్పవు. మెడ మీద వెంట్రుకలు నిలబడ్డాయి, మోపు కింద కూడా.

ఆఖరి మోపుకు మధ్యాహ్నమైంది. మద్దిచెట్టు కనబడింది. జనమంతా నా వైపు తిరిగి నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక, పల్లం అవతల, చెట్ల మధ్యనుంచి పొగ లేస్తోంది.

వంట పొగ కాదు. నల్లగా, వెడల్పుగా, గాలితో మా వైపే వంగి వస్తోంది. ఇప్పచెట్ల కింద ఎవరో పెట్టిన నిప్పు చెయ్యి జారింది. అందరి వీపులూ అటే. ఉస్తాద్ గారు లైను అవతలి కొసలో ఉన్నారు. చూసినది నేనొక్కదాన్నే. నెత్తిన మోపు. నోట మాట రాకూడదు. విజిల్ మంచం మీద.

అరిస్తే ఆయన జీవితాంతం నాతోనే. అరవకపోతే అడవి, దాని పక్కన ఊరు. నాకు రెండూ వద్దు. అందుకని ఒక చేత్తో మోపు పట్టుకుని, రెండో చెయ్యి పొగవైపు ఊపుతూ, మూసిన నోటితో "ఊఁ! ఊఁ! ఊఁ!" అని గెంతడం మొదలుపెట్టాను.

జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఎవరో ఆడమనిషి కేకేసింది, "వచ్చిండు! పిల్ల మీదికి వచ్చిండు!"

కాదని చెప్పడానికి తల అడ్డంగా ఊపబోయాను. నెత్తిన మోపు ఉంటే తలతో పాటు అదీ తిరుగుతుంది. మోపు అంచు తగలకుండా ముందు వరస వాళ్ళు కింద కూర్చున్నారు. మొక్కుతున్నారేమోనని నాకు ఇంకా భయమేసింది.

తాత ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ఏం గావాలె నీకు? కోడి గావాల్నా?"

"ఊఁహూఁ!"

"సారా పొయ్యాల్నా?"

"ఊఁహూఁ! ఊఁ! ఊఁ!" చెయ్యి విరిగిపోయేలా పొగవైపు చూపించాను.

"ఆడికి పోవాల్నా? అందరం పోవాల్నా?"

తల అంత గట్టిగా నా జన్మలో ఊపలేదు. తాత వెనక్కి తిరిగాడు. పొగను చూశాడు. ఇంకేమీ అడగలేదు. ఒక్క కేక వేశాడు. ఆ ఊరు కదిలింది చూడండీ! పచ్చి కొమ్మలు విరుచుకుని ముసలీ ముతకా అంతా పరుగు. నేను ఆఖరి మోపు మద్దిచెట్టు కింద దించి, ముందు ఒక గావుకేక పెట్టి, తర్వాత పార పట్టుకుని వాళ్ళ వెనక పరుగెత్తాను. మంట ఫైర్ లైను దాకా రానే వచ్చింది. అక్కడ కన్నమ్మ, బుధ్‌రామ్, ఊరి పిల్లలు వరసగా నిలబడి కొమ్మలతో కొట్టారు. లైను దాటనివ్వలేదు. ఉస్తాద్ గారు విజిల్ ఊదుకుంటూ ఆయాసంతో వచ్చేసరికి ఆర్పడానికి పొగ తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇంత మందిని ఇంత తొందరగా ఎవరు పిలిచారు?" అన్నారాయన. అందరూ నా భుజం పక్కన ఖాళీగా ఉన్నచోటు చూపించారు.

సాయంత్రం నేను తాత దగ్గరికెళ్ళి నిజం చెప్పేశాను. దొంగ పేరుతో ఇల్లు నాకొద్దు. "తాతా, నా మీదికి ఎవరూ రాలేదు. నువ్వు మాటాడొద్దన్నావు, అందుకే అలా గెంతాను. అంతే."

తాత పొగాకు నలుపుకుంటూ విన్నాడు. "పొగను ఏ చేత్తో సూపినవు?"

ఆలోచించాను. "ఎడమ చేత్తో."

"ఊఁ. మాసాది ఎడమచేతి వాటం."

"అయ్యో తాతా, కుడిచేత్తో మోపు పట్టుకున్నాను కదా!"

"ఊఁ" అన్నాడు తాత, జ్వరంలో మాట్లాడే పిల్లను ఓదార్చినట్టు. నేను కన్నమ్మ వైపు తిరిగాను. "నువ్వైనా సెప్పవే. అన్నట్టు పొద్దున్న నా వెనకాల నడిచింది నువ్వే కదా?"

"మేం అందరం ముంగటనే ఉంటిమి" అంది కన్నమ్మ. "నీ ఎనక ఎవలుంటరు?"

తర్వాత ఉస్తాద్ గారు, తాత కూర్చుని ఒప్పందానికొచ్చారు. కుప్ప చుట్టూ గుండ్రంగా నేల శుభ్రం చేసి, ఫైర్ లైను ఆయన్ని తప్పించి వంకర తిరిగి పోయేలా చేశారు. ఇక నా సంగతి. ఉస్తాద్ గారు అడిగారు, "ఈ అమ్మాయిని నిలబెట్టుకోమంటారా?"

"నిలవెట్టు" అన్నాడు తాత. "గని ఒక్కదాని మాట మేం ఇనం. ఇద్దరుంటెనే" అంటూ నా భుజం పక్కన ఖాళీచోటు వైపు చూశాడు.

అలా నాకు ఉద్యోగమొచ్చింది. ఇల్లూ వచ్చింది. నాన్న, అమ్మ, గోనెసంచి గిన్నెలు అన్నీ వచ్చాయి. ఊరివాళ్ళు మా ఇంటికొస్తే అమ్మ టీ పోస్తుంది. తాగేసి, "ఆయనకేది?" అని చుట్టూ చూస్తారు. అమ్మ ఇప్పుడు అడగకుండానే ఒక గ్లాసు ఎక్కువ పెడుతోంది. పని ఇద్దరిది, జీతం ఒక్కటి, టీ ఖర్చు మాత్రం నా ఒక్కదానిది. ఎండాకాలంలో ఎక్కడైనా పొగ లేచి నేను ఊళ్ళోకి పరుగెడితే, "నువ్వు చెప్తున్నవా, ఆయన చెప్తున్నడా?" అని అడుగుతారు. నేనే అంటే పొగాకు నమలడం అయ్యాక వస్తారు. కాబట్టి ఏమీ అనను. ఊరికే చెయ్యి ఎత్తుతాను.

అందుచేత చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అడవిలో ఎండుకట్టె కనబడితే, అది ఎవరిదని కాదు, ఎవరని అడిగి తెలుసుకోనిదే ముట్టుకోను. ముట్టుకున్నా ఇంటికి తీసుకురాను. తీసుకొచ్చినా కిటికీ కింద పెట్టను. ఈ ప్రమాణం కుడిచెయ్యి ఎత్తి చేస్తున్నాను. ఎడమచెయ్యి సంగతి నన్నడక్కండి, అది ఎత్తాలంటే ఆయన్ని కూడా అడగాలి.